మీ ఊరి కొండలకూ నీళ్ళకూ ఉన్న మాటలను సేకరించి రాసిపెట్టే పద్ధతి

చెరువు నిండాక కట్ట తెగకుండా మిగులు నీరు పొర్లిపోయే చోటును ఏమంటారని తెలుగునాట అడిగితే ఒక్క జవాబు రాదు. కోస్తాలో ఎక్కువచోట్ల అలుగు అంటారు. తెలంగాణలో మత్తడి అంటారు. అనంతపురం వైపు మరవ అనీ, చిత్తూరు వైపు మొరవ అనీ, నెల్లూరు వైపు కలుజు అనీ వినిపిస్తుంది. పేరుతో పాటు దాని వెంట నడిచే క్రియ కూడా మారుతుంది. అలుగు పారుతుంది, మత్తడి దుంకుతుంది, మొరవ పోతుంది. ఇవన్నీ ఒకే కట్టడాన్ని చూపే మాటలే అయినా పాఠ్యపుస్తకాల్లో మనకు ఎక్కువగా కనిపించేది అలుగు ఒక్కటే. మిగిలినవి ఆయా ఊళ్ళ నోళ్ళలోనూ జిల్లా పత్రికల పేజీల్లోనూ ఉన్నాయి. బోర్లు వచ్చాక చెరువు కింద సాగు తగ్గిన ఊళ్ళలో, కట్ట మీదికి వెళ్ళే పనే లేని పిల్లలకు ఆ మాటలు చేరడం లేదు.

కొండ, గుట్ట, వాగు, కుంట, దిబ్బ వంటి నేలమాటలను మీ ఊరి పరిధిలో ఎలా సేకరించాలో, విన్న ఉచ్చారణను మన లిపిలో ఎలా నిలపాలో ఇక్కడ వివరిస్తాను. దీనికి భాషాశాస్త్రంలో పట్టా అక్కర్లేదు. నోటుపుస్తకం, ఓపిక, నడవగల కాళ్ళు ఉంటే చాలు. అయితే ఒక నియమాన్ని మొదటి నుంచి చివరిదాకా వదలకూడదు: విన్న మాటను దిద్దకూడదు. ఉత్తరాంధ్ర మిత్రుడు గెడ్డ అన్నప్పుడు అతడు గడ్డ అనబోయి తప్పు పలికాడని అనుకొని రాసుకునేవారు ఉన్నారు. గెడ్డ అంటే అక్కడ కొండల మీది నుంచి దిగి వచ్చే ఏరు. విశాఖపట్నం దగ్గరి మేఘాద్రి గెడ్డ, విజయనగరం ప్రాంతపు పెద్దగెడ్డ, వట్టిగెడ్డ జలాశయాలు ఆ మాట పేరుగా నిలిచినవే. గడ్డ అని దిద్దిన మరుక్షణం ఆ ఏరు కాగితం మీద మెరక నేల అయిపోతుంది.

నీటి దారి వెంట నడవండి

సేకరణకు జిల్లానో మండలాన్నో ఎంచుకోవద్దు. వాన కురిసే ఒక గుట్ట, దాని నీరు చేరే ఒక చెరువు, ఆ చెరువు మిగులు పోయి కలిసే ఒక వాగు, ఇంతవరకే హద్దు పెట్టుకోండి. దీనికి బలమైన కారణం ఉంది. నేలమాటలు విడివిడిగా అర్థం కావు, ఒకదాని పక్కన ఒకటి పెట్టినప్పుడే తేలుతాయి. తెలంగాణలో ఒర్రె అంటే ఏమిటో తెలియాలంటే వాగు పక్కన నిలబడి అడగాలి: ఒర్రె చిన్నది, వాన వెలిసిన కొద్ది రోజులకే ఎండిపోయేది, వాగులో కలిసేది. రాయలసీమలో ఆ వరుసను వంక, ఏరు అనే మాటలు పంచుకుంటాయి. కోస్తా జిల్లాల్లో వాగు, ఏరు రెండూ ఉన్నాయి. మున్నేరు, పాలేరు, మానేరు, తమ్మిలేరు, బుడమేరు, సగిలేరు, చెయ్యేరు వంటి పేర్ల చివర ఏరు అతుక్కొని ఉండడం, నది అనే సంస్కృత పదం రాతలో ఎంత పెరిగినా ఒడ్డున ఉన్నవారి మాట ఏరే అని చెబుతుంది. పెద్ద నదుల దగ్గర ఆ మాట కూడా అవసరపడదు. డెల్టాలో గోదారి అంటే చాలు, ఉత్తర తెలంగాణలో అదే నదిని గంగ అంటారు.

కాబట్టి ప్రతి మాటకూ పక్కమాటను అడగండి. గుట్ట పెద్దదా, కొండ పెద్దదా? వేసవిలో నీరు నిలిచేది కుంటా, చెరువా? దిబ్బకూ తిప్పకూ తేడా ఏమిటి? తేడా లేదని వారు అంటే అదీ రాసుకోండి. లేని తేడాను మనం కల్పించడం, ఉన్న తేడాను చెరపడంతో సమానమైన తప్పు.

ఒకే దారిని రెండు కాలాల్లో నడవాలి. మత్తడి మాట నిండుచెరువు దగ్గర నోటికి వచ్చినట్టు ఎండాకాలంలో రాదు. చెలమ మాట వేసవిలోనే కంటికి కనిపిస్తుంది, ఎందుకంటే ఏరు ఎండిన తరువాతే ఇసుకలో చేతులతో గుంట తీసి ఊటనీరు తోడుకుంటారు. అదే చెలమను కొన్నిచోట్ల చలమ అంటారు, తెలంగాణలో చెలిమె అంటారు. నెల్లూరు, ప్రకాశం తీరంలో ఇసుకనేలలో తవ్వే లోతు తక్కువ నీటిగుంటకు దొరువు అనే వేరే మాట ఉంది. గుట్ట మీది బండల నడుమ వాననీరు నిలిచే సహజమైన తొట్టిని దొన అంటారు. దాన్ని చూడకుండా ఊళ్ళో కూర్చొని అడిగితే ఆ మాట ఎవరికీ గుర్తు రాదు.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

మొదట వెళ్ళవలసింది కాళ్ళతో ఆ నేలను కొలిచినవారి దగ్గరికి. గొర్రెల కాపరులకు గుట్టలోని ప్రతి మలుపుకూ పేరు తెలుసు. చెరువు నీటిని పొలాలకు పంచే మనిషిని తెలంగాణలో నీరటి అనీ రాయలసీమలో నీరుగంటి అనీ అంటారు. తూము, కట్ట, శిఖం (చెరువులో నీరు నిలిచే నేల), ఆయకట్టు మాటలు ఆ ఇంట్లో ఇంకా పనిలో ఉన్న మాటలు. తీరంలో అయితే వలకు వెళ్ళేవారిని, లంకల్లో అయితే పడవ నడిపేవారిని అడగాలి. కట్టెలకూ కూరాకుకూ పశువుల మేతకూ గట్ల వెంట తిరిగిన ఆడవాళ్ళను చాలామంది సేకర్తలు మరిచిపోతారు. అది పెద్ద లోపం. నీళ్ళు మోసిన మనిషికి చెలమ గురించి తెలిసినంత, ఆ నీళ్ళు తాగిన మనిషికి తెలియదు.

అడిగే తీరులో చేసే పొరపాటు మొత్తం సేకరణను పాడుచేస్తుంది. నేను మొదట్లో ఒక ఊరికి వెళ్ళి, అలుగు ఎటువైపు ఉందని అడిగాను. అందరూ మర్యాదగా అలుగు అనే మాటతోనే జవాబు చెప్పారు. సాయంత్రం తిరిగి వస్తుంటే కట్ట మీద ఇద్దరు రైతులు తమలో తాము మత్తడి అనుకోవడం చెవిన పడింది. ఆ రోజు రాసుకున్నదంతా నా మాటే, వారిది కాదు. అప్పటి నుంచి వస్తువు పేరు నా నోటితో ముందు చెప్పడం మానేశాను. చేత్తో చూపించి, ‘తాతా, నీళ్ళు ఎక్కువైతే ఎక్కడి నుంచి పోతాయి?’ అని అడిగితే మాట దానంతటదే వస్తుంది. ‘అవ్వా, చిన్నప్పుడు ఎండాకాలం నీళ్ళకు ఎక్కడికి పోయేవారు?’ అంటే, ఒక్క మాట కాదు, ఒక దారి పొడుగునా ఉన్న మాటలన్నీ వస్తాయి.

మాటలు రికార్డు చేసే ముందు అనుమతి అడగడం, ఎందుకు రాసుకుంటున్నారో చెప్పడం తప్పనిసరి. చెరువు శిఖం, వాగు పోరంబోకు వంటి మాటలు పలికితే భూమి తగాదా గురించి వచ్చారని అనుమానపడే ఊళ్ళు ఉన్నాయి, ఆ అనుమానం న్యాయమైనదే. మాటలు తప్ప సర్వే నంబర్లు రాసుకోవడం లేదని నోటుపుస్తకం చూపించి చెప్పండి.

ఉచ్చారణను లిపిలో నిలపడం

తెలుగు లిపి మాటను దాదాపు పలికినట్టే రాయగలదు. అయినా కొన్ని చోట్ల లిపికీ నోటికీ మధ్య ఖాళీ ఉంటుంది, యాసలు తేడా చూపేది సరిగ్గా అక్కడే.

మొదటిది చ, జ అక్షరాల సంగతి. చలమ, చవుడు అన్నప్పుడు పలికే చ దంత్యం, అంటే నాలుక పళ్ళ దగ్గర తాకి పలికేది; చెరువు అన్నప్పుడు పలికేది తాలవ్యం, అంటే నాలుక అంగిలిని తాకి పలికేది. సాధారణంగా అ, ఉ, ఒ వంటి అచ్చుల ముందు దంత్యమూ, ఇ, ఎ వంటి అచ్చుల ముందు తాలవ్యమూ వస్తాయి కాబట్టి మామూలు రాతలో ఒకే అక్షరంతో సరిపెట్టుకుంటాం. సేకరణలో అలా సరిపెట్టుకోకూడదు. దంత్యాలకు ౘ, ౙ అనే అక్షరాలు మన లిపిలో ఉన్నాయి, యూనికోడ్‌లోనూ ఉన్నాయి. ౘలమ అని రాసి, దాని కింద చెలిమె అని రాస్తే, అచ్చు మారడంతో హల్లు కూడా మారిందని చదివేవారికి వెంటనే తెలుస్తుంది. నేలలోంచి ఊరి పారే నీటిని చెప్పే ౙాలు కూడా అలాంటిదే. ఉత్తరాంధ్ర పల్లెల్లోనూ మరికొన్ని చోట్లా చెరువు సెరువు అవుతుంది. దాన్ని సెరువు అనే రాయాలి. అది మోటు పలుకు కాదు, ఆ ఊరి పలుకు.

రెండవది, మేట వంటి మాటల్లో వినిపించే అచ్చు. వరద తగ్గాక ఒడ్డున పేరుకున్న ఇసుకనో ఒండ్రునో మేట అంటారు. ఆ మాటలోని ఏ, మేటిలోని ఏ ఒకటి కావు. తరువాతి అక్షరంలో అ ఉన్నప్పుడు ఏకారం విచ్చుకొని పలుకుతుంది. మేక, పేడ, రేగడ మాటల్లోనూ ఇదే ధ్వని. దీనికి లిపిలో వేరే గుర్తు లేదు కాబట్టి మామూలు రూపాన్ని ముందు రాసి, పక్కన కుండలీకరణంలో మ్యాట, ర్యాగడ అని చూపడం మంచి మార్గం. ఏ గుర్తు వాడినా పుస్తకమంతా ఒకే తీరుగా వాడాలి.

మూడవది అచ్చు జారిపోవడం. తెలంగాణలో చెరువు చెర్వు, కాలువ కాల్వ, చెలక చెల్క అవుతాయి. ఒర్రెను వర్రె అనేవారూ ఉన్నారు. ళకారం లకారంగా వినిపించే చోట్ల నీళ్ళు నీల్లు అవుతుంది. ఇవి విన్నట్టే రాయాలి, సందేహం ఉంటే మరొక మనిషి నోట మరొకసారి వినాలి.

ఇక అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు విభక్తిది. తెలంగాణలో ‘వాగుల నీళ్ళున్నయి’ అంటే వాగులో నీళ్ళున్నాయని అర్థం, చాలా వాగులని కాదు. తెలియనివారు అక్కడ ల చూసి బహువచనం అని రాసుకుంటారు, ఒక్క వాగు ఉన్న ఊరికి పది వాగులు పుడతాయి. అందుకే ప్రతి మాటనూ కనీసం మూడు రూపాల్లో అడిగి రాసుకోండి: ఒకటి ఉన్నప్పుడు, చాలా ఉన్నప్పుడు, దానిలోనో దానిమీదో ఏదైనా ఉన్నప్పుడు. ఏరు అనే మాటను ఇలా అడిగితే ఏటి, ఏట్లో, ఏటికి అనే రూపాలు బయటపడతాయి. ఊరుకు ఊటి రాదు, ఏరుకు ఏటి వస్తుంది; ఎందుకంటే పాత తెలుగులో అది బండి ఱతో ఏఱు. నోటిలో ఎప్పుడో కలిసిపోయిన ఒక అక్షరం ఆ టకారంలో ఇంకా దాగి ఉంది. ఇలాంటిది ఒక్కటి చేతికి చిక్కినా నడిచిన అలసట తీరిపోతుందని నా అనుభవం.

ఒకే మాట, వేరే నేల

ధ్వని సరిగ్గా రాసినా అర్థం తప్పిపోయే ప్రమాదం ఉంది. నల్లమలలో చెంచుల గూడేన్ని పెంట అంటారు. మైదానంలో పెంట అంటే ఎరువుకుప్ప. అడవి ఊరిపేరులోని పెంటను విని నవ్వేవారు తమ ఊరి అర్థాన్ని ఎదుటివారి నేల మీద పరుస్తున్నారు. తెలంగాణలో, రాయలసీమలో కుంట అంటే చిన్న చెరువు. కోస్తాలో గుంట అంటే గొయ్యి. అదే గుంట భూమి కొలతగా వచ్చినప్పుడు ఎకరంలో 40వ వంతు. మూడూ ఒకే నోటుపుస్తకంలో పక్కపక్కన పడితే, వాక్యం లేకుండా ఏది ఏదో తేల్చడం కుదరదు.

గండి మాటను తీసుకోండి. చెరువుకట్ట తెగితే గండి పడింది అంటారు. కొండను చీల్చుకొని ఏరు సాగే ఇరుకు కూడా గండే. పెన్న నది లోతైన లోయ అంచున నిలిచిన గండికోట పేరులో ఉన్నది ఈ రెండవ గండి. కోన అంటే చిత్తూరు, నెల్లూరు సీమల్లో కొండల నడుమ నీరూ చెట్లూ ఉన్న లోయ. తలకోన, పెంచలకోన పేర్లు అలా వచ్చినవే. కోనసీమలోని కోన అలాంటిది కాదు, అక్కడ కొండలే లేవు. అది మూల అనే అర్థంతో చెప్పుకునే మాట. మెట్ట అనే మాటకు ఎత్తయిన నేల అనీ చిన్న కొండ అనీ రెండర్థాలూ ఉన్నాయి, ఉమ్మడి పశ్చిమ గోదావరిలో మాత్రం డెల్టాకు ఎదురుమాటగా కాలువ నీరు ఎక్కని నేలంతా మెట్టే. లంక అంటే గోదావరి, కృష్ణా పాయల నడుమ ఒండ్రుతో ఏర్పడిన దీవి, కొల్లేరులోనూ లంకలున్నాయి. దిన్నె అంటే మెరక; కడప దగ్గరి చింతకొమ్మదిన్నె పేరులోనూ, అమరావతి స్తూపపు మట్టిదిబ్బకు ఊరివారు పెట్టుకున్న దీపాలదిన్నె అనే పేరులోనూ అదే మాట. ఆవ అంటే గోదావరి, విశాఖ సీమల్లో నీరు నిలిచే పల్లపు నేల, అనకాపల్లి జిల్లాలో ఉన్న కొండకర్ల ఆవ అందుకు తెలిసిన ఉదాహరణ. ఆవుతో దానికి ఏ సంబంధమూ లేదు.

చివరి మాటను కావాలనే చెప్పాను. ఊరిపేర్లలో నేలమాటలను వెతికేటప్పుడు చెవికి దగ్గరగా వినిపించిన కథను నమ్మడం సులభం. విశాఖ మన్యంలో ముంచింగిపుట్టు వంటి పేర్లున్నాయి. అక్కడ తెలుగుతో పాటు ఆదివాసీ భాషలూ ఒడియా ప్రభావమూ ఉన్నాయి. ఆ పుట్టును తెలుగులోని పుట్టడంతోనో పుట్టతోనో ముడిపెట్టి అర్థం రాయకండి. పేరును పేరుగా రాసి, ఆ భాష మాట్లాడేవారిని అడిగాకే అర్థం చేర్చండి.

పటాలూ పాత రాతలూ

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 కొలతతో ముద్రించిన పటాలు, అంటే పటం మీద 1 సెంటీమీటరు నేల మీద 500 మీటర్లుగా ఉన్నవి, నడక మొదలుపెట్టడానికి చాలా ఉపయోగపడతాయి. పేర్ల విషయంలో మాత్రం వాటిని గుడ్డిగా అనుసరించవద్దు. ఇంగ్లీషు అక్షరాల్లో గడ్డ, గద్ద ఒకేలా ఉంటాయి; గుట్ట, గుత్త ఒకేలా ఉంటాయి; కొన, కోన, కోణ మూడూ కలిసిపోతాయి. పటం మీది పేరును ఊళ్ళో చదివి వినిపించకుండా, ఆ చోటును చూపి పేరు అడగాలి. గ్రామపటం, అడంగల్, పహాణీ వంటి రెవెన్యూ రాతల్లో గుట్ట పోరంబోకు, చెరువు శిఖం లాంటి మాటలు తెలుగులోనే దొరుకుతాయి కాబట్టి అవి పటం కంటే ఒక మెట్టు దగ్గరి సాక్ష్యం.

ఈ దారిలో ముందు నడిచినవారున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయపు మాటలది, రైతుల నోటి నుంచే జిల్లాల వారీగా సేకరించినది. మీ మాటలు దానిలో ఉన్నాయేమో సరిచూసుకోండి, కానీ నడక పూర్తయ్యాకే. ముందే చూస్తే ఉన్న మాటలనే వెతుకుతారు. శాసనాలు మరో రకం సాక్ష్యం. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గరి 1369 నాటి శాసనం మంచి చెరువుకు 12 అంగాలనూ 6 దోషాలనూ చెబుతుంది. అది సంస్కృతంలో ఉంది, కట్ట మీది రైతు మాట దానిలో ఉండదు. చెరువులో ఏయే భాగాల గురించి అడగాలో గుర్తు చేసే పట్టికగా మాత్రం అది నేటికీ పనికొస్తుంది.

ఒక్కో మాటను ఎలా నమోదు చేయాలి

ఒక మాటకు ఒక పుట కేటాయించండి. నా పుస్తకంలోని ఒక పుట ఇలా ఉంటుంది:

‘మత్తడి. బహువచనం: మత్తళ్ళు. చెరువులోని మిగులు నీరు పొర్లిపోయే రాతికట్టు. విన్న వాక్యం: చెర్వు మత్తడి దుంకుతున్నది. చెప్పినవారు: 70 ఏళ్ళు దాటిన రైతు. విన్న చోటు: కట్ట ఉత్తరపు కొస, వానాకాలంలో. అలుగు అంటే అర్థమవుతుంది, ఇక్కడ వాడరు.’

ఇందులో అన్నిటికన్నా విలువైనది విన్న వాక్యం. అర్థం మనం రాసినది, అది తప్పు కావచ్చు. వాక్యం వారు పలికినది. తరువాత ఎవరైనా మన అర్థాన్ని సరిదిద్దాలంటే దాని ఆధారంగానే దిద్దగలరు. మనుషుల పేర్లు రాయనవసరం లేదు. వయసు, పని, వాడ తెలిస్తే చాలు. వీలైతే ఫోటో తీసి, దానికి అదే పుట సంఖ్య పెట్టండి. ఫోటో లేకపోతే చేత్తో గీసిన చిన్న బొమ్మ మరీ మంచిది, ఎందుకంటే గట్టు ఎటు వాలిందో, నీరు ఎటు పోతుందో బొమ్మలో బాణంతో చూపవచ్చు.

పుస్తకం నిండాక చెప్పినవారి దగ్గరికే తిరిగి వెళ్ళి చదివి వినిపించాలి. చదువుతుండగానే వారు ఆపి, అది అలా కాదు అని చెప్పే మాటలు మొదటి రోజు చెప్పినవాటికంటే ఎక్కువ ఖచ్చితంగా ఉంటాయి. పక్కనున్నవారు మరో మాట అందుకుంటారు. కింది వాడవారు కుంట అన్నదాన్ని మీది వాడవారు చెరువు అంటే, ఏది సరైనదని తీర్పు అడగవద్దు. రెండు మాటలూ ఒకే పుటలో రాసి, ఏ వాడవారు ఏది అన్నారో పక్కన గుర్తు పెట్టండి.